మనసు మార్చుకునే హక్కు

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అని మనకొక సామెత. ఎక్కలేనిది 'అమ్మ' కావడం యాదృచ్ఛికమేమీ కాదు. ఆడవాళ్ళ ఆశల గురించి మాట్లాడేటప్పుడు మన సామెతలు వెక్కిరిస్తాయి, లేదా హెచ్చరిస్తాయి. ఆ ఉట్టిని అంత ఎత్తున ఎవరు కట్టారు, అందుకోవడానికి పీట ఎవరికి వేశారు అని మాత్రం అడగవు.

ఆదివాసీ విద్యార్థుల చదువు గురించి రాసేవాళ్ళు ఈ సామెతను తలకిందులు చేస్తారు. స్వర్గం కావాలని వీళ్ళు అడగడం లేదేమిటన్నది వాళ్ళ ఫిర్యాదు. 'గిరిజన విద్యార్థుల్లో ఆకాంక్షల స్థాయి తక్కువ' అన్న వాక్యం నివేదికల్లోనూ సెమినార్లలోనూ ఎంత తరచుగా వినిపిస్తుందంటే, దానికి రుజువు అడగాలని కూడా ఎవరికీ తోచదు. ఐటిఐ, పాలిటెక్నిక్, ఏఎన్ఎం, జిఎన్ఎం, డిఇడి - వీళ్ళు ఇక్కడే ఆగిపోతున్నారని బాధపడతారు. ప్రేరణ తరగతులు పెట్టాలని సూచిస్తారు. ఆశ అనేది రక్తంలో హిమోగ్లోబిన్ లాంటిదనీ, సూది గుచ్చి కొలిచి, తక్కువుంటే మాత్రలిచ్చి పెంచవచ్చనీ ఒక నమ్మకం ఇందులో ఉంది.

ఒక ఆదివాసీ అమ్మాయి 'నాకు నర్సింగ్ చాలు' అన్నప్పుడు ఆ 'చాలు' ఎవరిది? అది ఆమె కోరికా, లేక కోరుకోవడానికి మిగిలినది అంతేనా? మిగిలినదాంట్లోంచే ఎంచుకుందని మనకి అనిపిస్తే, ఆమె కోరికని అనుమానించే హక్కు మనకుందా? ఇది విద్యా ప్రణాళికల ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో ఇది నైతిక ప్రశ్న. స్త్రీవాదులుగా మనం తప్పించుకోలేని ప్రశ్న కూడా. ఎందుకంటే 'ఆమెకేం కావాలో ఆమెకి తెలియదు' అనే మాట మన గురించి ఎన్ని తరాలుగానో వింటున్నాం.

ముందు కొన్ని అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసీ స్త్రీల అక్షరాస్యత 40.1 శాతం. పురుషులది 58.3 శాతం. అయితే ఉన్నత విద్యలో ఉన్న ఆదివాసీ విద్యార్థులు దేశం మొత్తం మీద 2014-15లో 16.41 లక్షలుంటే, 2021-22 నాటికి 27.1 లక్షలయ్యారు. అందులో దాదాపు సగం మంది అమ్మాయిలే. ఆ ఏడాది ఉన్నత విద్యలో మొత్తం నమోదు నిష్పత్తి 28.4 అయితే ఆదివాసీలది 21.2. తేడా ఉంది, తక్కువ తేడా కాదు. కానీ ఏడేళ్ళలో పది లక్షలమందికి పైగా పెరిగిన చోట ఆశ లేదని ఎలా అంటాం? సగం మంది తల్లులకి అక్షరం రాని సమాజంలోంచి ఇంతమంది అమ్మాయిలు కాలేజీ గడప తొక్కారంటే, అక్కడ ఆశ తక్కువని కాదు, చాలా ఎక్కువ ఖర్చయిందని అర్థం.

అయితే ఆ ఆశ ఏ రూపం తీసుకుంటుంది? ఎవరి కంటికి ఏది కనిపిస్తే ఆ రూపం. ఏజెన్సీ గ్రామంలో చదువు వల్ల బతుకు మారిన మనుషులు ఎందరు కనిపిస్తారు? పంతులు, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, ఫారెస్టు గార్డు. పట్నంలో పుట్టిన పిల్లకి మేనమామ ఇంజనీరు, పక్కింటాయన బ్యాంకు మేనేజరు, అమ్మ స్నేహితురాలు లెక్చరరు. కలలు కనడానికి ఆమె చుట్టూ బోలెడు ముడిసరుకు ఉంది. సామాజిక శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో రాసిన ఒక వ్యాసంలో, ఆశించగలగడం కూడా ఒక సామర్థ్యమేననీ, భూమి లాగే అది కూడా అసమానంగా పంపిణీ అయి ఉందనీ వాదించారు. ఉన్నవాళ్ళకి ఎక్కువ కోరికలు ఉండటం వల్ల కాదు, కోరికకీ దాన్ని చేరే మెట్లకీ మధ్య దారిని ఎన్నోసార్లు నడిచి చూసుకునే వీలు వాళ్ళకి ఉండటం వల్లే ఆ తేడా వస్తుందని ఆయన విశ్లేషణ.

పాడేరు వైపు నుంచి వచ్చి మైదాన ప్రాంతంలో జిఎన్ఎం చదువుతున్న ఒక కొండదొర అమ్మాయిని 'డాక్టరు కావాలనుకోలేదా?' అని అడిగాను. ఆమె నవ్వింది. 'మా ఊరికి డాక్టరెప్పుడూ రాలేదక్కా. సిస్టరే వచ్చేది, వాగు దాటి నడిచొచ్చేది. నేను చూడనిదాన్ని ఎలా అవుతాను?' అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని డోలీ కట్టి మోసుకురావడం మనకి పేపర్లో వార్త. ఆ అమ్మాయికి అది పెద్దమ్మ కథ, పిన్ని కథ. చావుబతుకుల మధ్య నిలబడగలిగిన మనిషిగా ఆమె చూసింది ఒక్క ఏఎన్ఎంనే. తనకి తెలిసిన ప్రపంచంలోకెల్లా శక్తివంతమైన ఆడమనిషిని చూసి, అలా కావాలనుకుంది. దీన్ని 'ఆకాంక్ష తక్కువ' అనడానికి ఏ కొలబద్ద వాడుతున్నాం?

పంతులు ఉద్యోగం మీద ఆశ కూడా ఇలాగే తయారైంది. దానికో చరిత్ర ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని చంపిన తర్వాత, గోండుల తిరుగుబాటుకి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని ఆదిలాబాద్ అడవుల్లోకి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకి శిక్షణా కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. తిరగబడ్డవాళ్ళని శాంతింపజేయడం ప్రభుత్వం లెక్క కావచ్చు. కానీ తన భాష మాట్లాడే మనిషి చేతిలో సుద్దముక్క చూసిన పిల్లలకి చదువు మీద కలిగే నమ్మకం వేరు. ఆ నమ్మకాన్ని ఏ ప్రభుత్వమూ లెక్కగట్టి ఇవ్వలేదు.

1986లో 275వ నంబరు జీవో, తర్వాత 2000 జనవరిలో 3వ నంబరు జీవో ఆ ఆలోచనకే చట్టపరమైన రూపం ఇవ్వబోయాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లోని బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలనీ, వాటిలో మూడో వంతు స్త్రీలకి ఉండాలనీ 3వ నంబరు జీవో చెప్పింది. ఇరవయ్యేళ్ళపాటు ఆ ఒక్క కాగితం ఏజెన్సీలో ఎంతమంది ఆడపిల్లల్ని టీచరు ట్రైనింగు వైపు నడిపించిందో ఆ ప్రాంతాలు తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. డిఇడి చదివితే సొంత ఊళ్ళో, కనీసం సొంత మండలంలో ఉద్యోగం. ఇల్లు వదలక్కర్లేదు, భాష వదలక్కర్లేదు. తల్లిదండ్రుల్ని ఒప్పించడానికి ఇంతకన్నా మంచి వాదన ఏ పద్దెనిమిదేళ్ళ పిల్లకి దొరుకుతుంది?

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగ విరుద్ధమంది. అప్పటిదాకా జరిగిన నియామకాల్ని మాత్రం షరతులతో ఉండనిచ్చింది. తీర్పులోని న్యాయచర్చ సంగతి న్యాయవాదులు చూస్తారు. ఆదివాసుల జీవన విధానాన్ని గురించి అందులో వాడిన భాష మీద చాలామంది అభ్యంతరం చెప్పారు కూడా. ఇక్కడ నేను చూస్తున్నది ఒక్కటే. ఆ రోజు డిఇడి చదువుతున్న అమ్మాయిల ఆశకి ఏమైంది? వాళ్ళ మనసులో ఏ మార్పూ లేదు. ముందు రోజు సాయంత్రానికి ఎంత పట్టుదల ఉందో మర్నాడూ అంతే ఉంది. బయట ఉన్న దారి మాయమైంది. తర్వాత వచ్చిన ఏ పరిశోధకులో వెళ్ళి వాళ్ళని ప్రశ్నావళితో కొలిస్తే 'ఆకాంక్షల స్థాయి తగ్గింది' అని రాసుకొస్తారు. ఆశ మనిషి లోపలే కాక, జీవోలో, బస్సులో, ఉద్యోగ ప్రకటనలో కూడా ఉంటుందని ఆ ప్రశ్నావళికి తెలియదు.

ఇక ఇంటి సంగతి. ఆదివాసీ స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువ అని మైదానం వాళ్ళం తేలిగ్గా అనేస్తుంటాం. కట్నం లేదు, ఓలి ఉంది కదా అంటాం. నిజమే, చాలా తెగల్లో పెళ్ళికొడుకు వైపువాళ్ళే అమ్మాయి ఇంటివాళ్ళకి ఓలి ఇస్తారు. ఆమె పనికి విలువ ఉందని ఆ సమాజం ఒప్పుకోవడం అది. కానీ పనికి విలువ ఉన్నచోట ఆ పని మనిషిని వదులుకోవడం కష్టం. పోడు పని, ఊట నీళ్ళు, కట్టెలు, అడ్డాకులు, చింతపండు, సంత, చంటిపిల్లలు - ఒక ఆడపిల్ల హాస్టలుకి వెళ్తే ఇవన్నీ తల్లి మీద పడతాయి. అమ్మాయి పాలిటెక్నిక్ చదువుకి ప్రభుత్వం ఫీజు కడుతుంది. తల్లి మీద పడిన అదనపు పని ఏ రీయింబర్స్‌మెంటు లెక్కలోనూ ఉండదు. మూడేళ్ళ కోర్సా, ఐదేళ్ళ కోర్సా అన్నది ఆ ఇంట్లో తల్లి నడుము ఎన్నాళ్ళు ఓర్చుకోగలదు అన్న ప్రశ్న. పొట్టి కోర్సు ఎంచుకున్న కూతురు చిన్న కల కన్నదని కాదు, తల్లిని లెక్కలో వేసుకుందని అర్థం. మరోపక్క ఉద్యోగాలొచ్చిన అబ్బాయిలతోపాటు మైదానం కట్నం కూడా మెల్లగా కొండ మీదికి వస్తోంది. చదువుకున్న ఆదివాసీ అమ్మాయి ఈ రెండు లెక్కల మధ్యా నిలబడి ఉంది.

తర్వాత భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా - ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతుల చదువు మొదలుపెట్టారు. మంచి ప్రయత్నం. కానీ అది కింది తరగతుల దగ్గరే ఉండిపోయింది. కువి మాట్లాడే పిల్ల తెలుగులోకి ఒకసారి, పాలిటెక్నిక్‌కి వచ్చేసరికి తెలుగులోంచి ఇంగ్లీషులోకి ఇంకోసారి వలస వెళ్ళాలి. రెండో వలసలో తెలుగు మాతృభాష అయిన మన పిల్లలే తడబడతారు. ఆమె తడబడితే దాన్ని తెగ లక్షణం కింద రాస్తారు. వర్క్‌షాపులో చేతులు తెలివిగా పనిచేస్తున్నా, వైవాలో నోరు పెగలకపోతే మార్కులు రావు. అప్పుడామె తన గురించి తాను ఒక నిర్ణయానికొస్తుంది. బయటివాళ్ళు దాన్ని ఆత్మవిశ్వాస లోపం అంటారు.

ఇక్కడే ఇంకో మాట చెప్పుకోవాలి. వృత్తి విద్య అనగానే అది రెండో రకం చదువని మనకి ఎలా తెలుసు? చేత్తో చేసే పని తక్కువ, తలతో చేసే పని ఎక్కువ అన్నది కులవ్యవస్థ మనకి నేర్పిన మొదటి పాఠం. ఇల్లు కట్టుకునే మనిషే విత్తనం దాచుకునే మనిషి, పురుడు పోసే మనిషే పాట కట్టే మనిషి అయిన సమాజం నుంచి వచ్చిన విద్యార్థికి ఆ పాఠం కొత్త. మన కాలేజీలు ఆమెకి నర్సింగ్‌తోపాటు నర్సింగ్ తక్కువ అని కూడా నేర్పుతాయి. ఆ తక్కువలోనూ ఆడా మగా వాటా ఉంది. ఫిట్టరు, ఎలక్ట్రీషియను అబ్బాయిలకి, కుట్టుపని, ల్యాబు, నర్సింగు అమ్మాయిలకి. కాబట్టి వృత్తి విద్య వద్దు, అందరూ డాక్టర్లూ ఇంజనీర్లే కావాలి అనడం నాకు సమ్మతం కాదు. అది ఆ తక్కువతనాన్ని ఒప్పుకున్నట్టే అవుతుంది. అలాగని 'వాళ్ళకి అదే సరిపోతుంది, చేతిపని వాళ్ళ సంస్కృతిలోనే ఉంది' అనే తియ్యటి మాటనీ ఒప్పుకోలేను. ఎవరి సంస్కృతి పేరుతో ఎవరి పిల్లలకి సీట్లు మిగులుతున్నాయో చూస్తే ఆ తీపి దిగిపోతుంది.

తత్వవేత్తలకి ఈ సమస్య పాతదే. అందని ద్రాక్ష పుల్లన అని నక్క అనుకున్నట్టు, మనుషులు తమకి దొరికేదాన్నే కోరుకునేలా సర్దుకుంటారని జాన్ ఎల్‌స్టర్ 1983లో ఆ కథ పేరుతోనే పుస్తకం రాశారు. పీడనకి అలవాటుపడినవాళ్ళ తృప్తిని చూసి న్యాయం జరిగిందనుకోవద్దని అమర్త్య సేన్ హెచ్చరించారు. మార్తా నస్‌బామ్ 2000లో వచ్చిన తన పుస్తకంలో మన మహబూబ్‌నగర్ ప్రాంతపు స్త్రీల ప్రస్తావన కూడా తెచ్చారు. చైతన్య కార్యక్రమాలు రాకముందు, మంచినీళ్ళు లేకపోవడం తమకి జరుగుతున్న అన్యాయమని వాళ్ళకి అనిపించలేదని ఆమె రాశారు. ఈ వాదనలకి మనం ఎంతో రుణపడి ఉన్నాం. 'ఆమెకి ఇష్టమేగా' అని ప్రతి అన్యాయాన్నీ కప్పెట్టే నోళ్ళని మూయించడానికి ఇవి పనికొచ్చాయి.

కానీ నాకొక పేచీ ఉంది. ఈ అనుమానం ఎప్పుడూ కింద ఉన్నవాళ్ళ కోరికల మీదే ఎందుకు? రెసిడెన్షియల్ కార్పొరేట్ కాలేజీలో రెండేళ్ళు తెల్లవారకముందే లేచి, ఐఐటి తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదనుకునే అబ్బాయి కోరిక అతనిదేనా? తండ్రి, బంధువులు, ఫ్లెక్సీ మీద ర్యాంకులు, అమెరికా సంబంధాలు కలిసి తయారుచేసిన ఆ కోరికని ఎవరూ 'సర్దుబాటు' అనరు. దానికి 'లక్ష్యం' అని పేరు. అందరి కోరికలూ పరిస్థితులే తయారుచేస్తాయి. అందుకని ఒకరి కోరిక స్వచ్ఛమైనది, ఇంకొకరిది కల్తీ అని చెప్పే తూకం నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా ఉందనుకోను.

మరి తేడా ఎక్కడుంది? కోరిక తప్పని తేలినప్పుడు ఏం జరుగుతుంది అన్నచోట ఉంది. కార్పొరేట్ కాలేజీ అబ్బాయికి ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ పెట్టిస్తారు. మళ్ళీ రాకపోతే మళ్ళీ పెట్టిస్తారు. ఇంజనీరింగు మధ్యలో సినిమా పిచ్చి పడితే నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. ఇరవై రెండేళ్ళకి అతను మూడుసార్లు మనసు మార్చుకోగలడు. ఆ మార్చుకోవడాన్ని 'తనని తాను తెలుసుకోవడం' అని ముద్దుగా చెప్పుకుంటాం. జిఎన్ఎం రెండో ఏడాదిలో ఉన్న ఆదివాసీ అమ్మాయికి, తనకిది సరిపడదని, లెక్కలంటే ఇష్టమని తెలిసిందనుకోండి. ఆమె వెనక్కి రాగలదా? ఒక్కసారి వాడుకున్న స్కాలర్‌షిప్పు మళ్ళీ అంత తేలిగ్గా రాదు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉండనే ఉన్నాయి. హాస్టలు వదిలితే పట్నంలో ఆమెకి పడుకోవడానికి చోటు లేదు. ఇంటికి వెళ్తే పెళ్ళి. ఆమెకున్నది ఒకే ఒక్క టికెట్టు. ఒకే టికెట్టు ఉన్న మనిషి ఎప్పుడూ తెలిసిన ఊరికే వెళ్తుంది. దాన్ని పిరికితనమనడం బస్సు ఎక్కాల్సిన అవసరమే లేనివాళ్ళ మాట.

కోరిక పెద్దదా చిన్నదా అన్నది కాదు, మనసు మార్చుకుంటే నాశనం కాకుండా ఉండగలదా అన్నదే స్వేచ్ఛకి కొలబద్ద అని నేననుకుంటున్నాను. ఈ కొలబద్దతో చూస్తే వృత్తి విద్యలో అడగాల్సిన ప్రశ్నలు కూడా మారతాయి. ఐటిఐ చదివినవాళ్ళు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ చదివినవాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ వొకేషనల్ వాళ్ళు బ్రిడ్జి కోర్సు పేపర్లు అదనంగా పాసైతే మిగతా ప్రవేశ పరీక్షలకి కూర్చోవచ్చు. జిఎన్ఎం తర్వాత పోస్ట్ బేసిక్ బిఎస్సీ నర్సింగు ఉంది. కాగితం మీద తలుపులున్నాయి. పేరే బ్రిడ్జి, వంతెన. కానీ వాగు మీద వంతెన లేని ఊరి పిల్లకి ఈ వంతెన ఉందని ఎవరు చెప్పాలి? చెప్పినా, ఆ పేపర్లకి పాఠం ఎవరు చెప్పాలి, ఆ సెలవుల్లో ఆమెకి హాస్టలు తెరిచి ఉంచేదెవరు? పాడేరులోనూ భద్రాచలంలోనూ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్‌లు పెట్టడం మంచి పని. అక్కడి నుంచి ఎంతమంది ఉద్యోగాల్లో చేరారన్నది ఒక లెక్క. ఎంతమంది అక్కడితో ఆగకుండా ఇంకో దారికి మళ్ళగలిగారన్నది ఇంకో లెక్క. ఆ రెండో లెక్క కూడా కావాలని మనం అడగాలి.

ప్రభుత్వాలకి మాత్రం తమ వాగ్దానాల విషయంలో ఎంత కాలమైనా తీసుకునే హక్కుంది. 2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకీ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తానంది. ఆంధ్రప్రదేశ్‌ది 2019లో విజయనగరంలో మొదలైంది. ములుగులో సమ్మక్క సారక్కల పేరుతో పెట్టే విశ్వవిద్యాలయానికి పార్లమెంటు చట్టం చేసేసరికి 2023 డిసెంబరు వచ్చింది. తొమ్మిదేళ్ళంటే ఆరో తరగతి పిల్ల డిగ్రీ పూర్తిచేసే కాలం. ఆ తొమ్మిదేళ్ళూ ఆమెని మాత్రం 'నువ్వు పెద్దగా కలలు కనడం లేదు' అని మందలిస్తూనే ఉన్నాం.

ఆ జిఎన్ఎం అమ్మాయి కోరికని నేను సరిదిద్దబోవడం లేదు. ఆమె మంచి నర్సు కావాలి, తన ఊరి వాగు మీద వంతెన పడాలి, జీతం సకాలంలో రావాలి. ముప్పయ్యేళ్ళకి ఆమెకి ఒకరోజు ఇంకేదైనా చదవాలనిపిస్తే, తల్లి నడుముకీ పిల్లల ఆకలికీ పోటీ పెట్టకుండా చదువుకోగలగాలి. ఏం చదవాలో ఆమె చూసుకుంటుంది. అది లెక్కలు కావచ్చు, కువి భాష వ్యాకరణం కావచ్చు, వైద్యమే కావచ్చు. ఏదీ చదవాలనిపించకపోవచ్చు కూడా. అప్పుడామె 'చాలు' అంటే నేను నమ్ముతాను.